నెలల తరబడి కదలని కారును స్టార్ట్ చేస్తున్నారా? యాప్‌ను నమ్మే ముందు ఇవి చూడండి

ఫోన్ స్క్రీన్ మీద ఆకుపచ్చ టిక్ మార్క్, కింద "ఎర్రర్ కోడ్‌లు లేవు" అనే మెసేజ్. అది చూసి బయల్దేరిన పది నిమిషాలకు బానెట్ అంచుల్లోంచి పొగ వచ్చింది.

గతేడాది సంక్రాంతి సెలవులకు ముసునూరు వెళ్లినప్పుడు జరిగిన సంగతి ఇది. మా పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఇంటి పక్క రేకుల షెడ్డులో ఏడు నెలలుగా ఉంది. జూన్‌లో మామిడి కోతలు అయ్యాక నేను హైదరాబాద్ వెళ్తూ ఎలా పెట్టానో అలాగే ఉంది. నాన్నకు బైకు తప్ప కారు నడపడం రాదు. భోగి ముందు రోజు తాళం తిప్పితే టిక్కుమన్న శబ్దం కూడా లేదు. బాబాయి ట్రాక్టర్ తెచ్చాడు. బానెట్ ఎత్తాం, జంపర్ కేబుల్స్ తగిలించాం, మూడో ప్రయత్నానికి ఇంజిన్ అందుకుంది. అందరం చప్పట్లు కొట్టాం. జూన్ నుంచి పోర్టులోనే ఉండిపోయిన ఓబీడీ డాంగుల్‌ను ఫోన్‌కు కనెక్ట్ చేసి స్కాన్ చేశాను. అంతా ఓకే అంది. అమ్మనీ నానమ్మనీ ఎక్కించుకుని నూజివీడు బయల్దేరాను.

దారిలో గడ్డి కాలిన వాసన వచ్చింది. పొలంలో ఎవరో తగలబెడుతున్నారనుకున్నా. తర్వాత పొగ కనిపించింది. బండి పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, ఇద్దర్నీ దింపి దూరంగా తీసుకెళ్లాను. మోకాళ్ల నొప్పులున్న నానమ్మ వెనక సీట్లోంచి దిగడానికి ఎంతసేపు పట్టిందో నాకు ఇప్పటికీ గుర్తుంది.

అదృష్టం బాగుండి పొగ దానంతట అదే తగ్గిపోయింది. బాగా చల్లారాక బానెట్ తీసి చూస్తే ఇంజిన్ వెనక, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర ఎలుక గూడు ఉంది. మామిడికాయలు సర్దడానికి వాడే వరిగడ్డి, ఎండిన మామిడాకులు, ఎక్కడిదో కాస్త స్పాంజి. ఒక అంచు నల్లగా కాలిపోయింది.

ఇందులో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన విషయం వేరే ఉంది. పొద్దున అరగంట సేపు అదే బానెట్ ఎత్తిపెట్టి నలుగురం దాని చుట్టూ నిలబడ్డాం. అందరి కళ్లూ బ్యాటరీ మీదే ఉన్నాయి. పక్కనే ఉన్న గూడును ఎవరూ చూడలేదు.

అందుకే ఈ ఆర్టికల్. చాలా రోజులు ఆగిన కారు విషయంలో "స్టార్ట్ అవుతుందా?" అనేది రెండో ప్రశ్న. "స్టార్ట్ చేయొచ్చా?" అనేది మొదటిది. గ్యాడ్జెట్లు ఎక్కువగా రెండో ప్రశ్నకే జవాబిస్తాయి.

మన దగ్గర సీజన్ రివర్స్

ఈ టాపిక్ మీద నెట్‌లో వెతికితే వచ్చేవన్నీ మంచు దేశాల సలహాలే. అక్కడ చలికాలంలో కారు గ్యారేజీలో పెట్టి వసంతంలో బయటికి తీస్తారు. మనకు ఆ సమస్య లేదు. మన కార్లు ఆగిపోయేది వేరే కారణాలకు. ఉద్యోగం సిటీలో, కారు ఊళ్లో. లేదా ఓనర్ అమెరికాలో, కారు అమ్మానాన్నల దగ్గర. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఆగిపోయిన కార్లు మీకు గుర్తుండే ఉంటాయి.

తేడా ఇంకోటి కూడా ఉంది. చలి బ్యాటరీ శక్తిని ఆ పూటకు తగ్గిస్తుంది. ఎండ మాత్రం బ్యాటరీ ఆయుష్షునే తగ్గిస్తుంది. వేడి పెరిగేకొద్దీ బ్యాటరీ లోపలి రసాయన చర్యలు వేగం అందుకుంటాయి, ఊరికే ఉన్నా ఛార్జ్ త్వరగా దిగిపోతుంది. దానికి తోడు జూన్ నుంచి నవంబర్ దాకా వానలు, తేమ, తుప్పు. ఇక నూజివీడు, ముసునూరు లాంటి తోటల ప్రాంతమైతే ఎలుకలు, చీమలు, ఆకులు బోనస్. పూత వేళకు చెట్టు కింద పెట్టిన కారుపై తేనెమంచు పురుగు వదిలే జిగురు పడి, అద్దం మీద వైపర్లు అతుక్కుపోతాయి.

యాప్ ఎందుకు అబద్ధం చెప్పింది?

నిజానికి అబద్ధం చెప్పలేదు. దానికి తెలిసిందే చెప్పింది. ఓబీడీ స్కానర్ కారులోని కంప్యూటర్‌తో, అంటే ఈసీయూతో మాట్లాడుతుంది. ఈసీయూకు తెలిసేది సెన్సర్లు పంపే సమాచారం మాత్రమే. కూలెంట్ వేడి, ఇంజిన్ స్పీడు, ఆక్సిజన్ సెన్సర్ రీడింగ్, వోల్టేజ్ లాంటివి. గడ్డికి సెన్సర్ లేదు. ఎలుక సగం కొరికిన రబ్బరు పైపుకూ లేదు. పట్టేసిన హ్యాండ్ బ్రేక్‌కూ, పాతబడిన టైరు రబ్బరుకూ లేదు.

రెండో సంగతి మన సాఫ్ట్‌వేర్ వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే, చాలా కార్లలో ఈసీయూ దాచుకున్న పాత ఎర్రర్ కోడ్‌లు కూడా చెరిగిపోవచ్చు. సెల్ఫ్ టెస్టులన్నీ మళ్లీ మొదటి నుంచి నడవాలి. అంటే జంప్ స్టార్ట్ చేసిన వెంటనే "ఎర్రర్లు లేవు" అని వస్తే, లాగ్ ఫైల్ డిలీట్ చేసి బగ్స్ లేవని చెప్పినట్టే.

మూడోది కాస్త సిగ్గుపడాల్సిన విషయం. బ్యాటరీని చంపింది ఆ డాంగులే! ఓబీడీ పోర్టులో 16వ పిన్నుకు కారు ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. తర్వాత మల్టీమీటర్‌తో కొలిస్తే నా డాంగుల్ ఒక్కటే దాదాపు 40 మిల్లీ ఆంపియర్లు లాగుతోంది. 24 గంటలకు లెక్కేస్తే సుమారు 1 ఆంపియర్ అవర్. మాది 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ. సెక్యూరిటీ అలారం, గడియారం లాంటివి లాగేది వదిలేసినా, డాంగుల్ ఒక్కటే 18 రోజుల్లో సగం బ్యాటరీ తాగేస్తుంది. నేను వదిలేసింది ఏడు నెలలు. పార్కింగ్ మోడ్‌లో ఉండే డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్ కూడా ఇదే బాపతు.

స్టెప్ 1: తాళం జేబులోనే ఉంచి 20 నిమిషాలు

పని బయటి నుంచి మొదలుపెట్టండి. ముందు బానెట్ మీద అరచేత్తో గట్టిగా నాలుగు దెబ్బలు వేసి రెండు నిమిషాలు ఆగండి. లోపల పిల్లి పడుకుని ఉంటే బయటికి పోతుంది. తోటల దగ్గర ఎలుకలు ఉన్నచోటికి పాములు కూడా వస్తాయి కాబట్టి, చీకటి సందుల్లో చెయ్యి పెట్టే ముందు టార్చి వేసి చూడటం తప్పనిసరి.

తర్వాత నేల చూడండి. కారు కింద మరకలు ఉన్నాయా? నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. ఆకుపచ్చ, గులాబీ లాంటి రంగులో ఉంటే కూలెంట్. చక్రం లోపలి వైపు తడిగా, నూనెలా ఉంటే బ్రేక్ ఫ్లూయిడ్ కావచ్చు. అదైతే బండి కదిలించకుండా మెకానిక్‌ను పిలవండి.

ఇప్పుడు బానెట్ ఎత్తండి. బ్యాటరీని మర్చిపోయి మిగతావన్నీ చూడండి:

• ఇంజిన్ పైన, వెనక, ఎగ్జాస్ట్ చుట్టూ గడ్డి, ఆకులు, గుడ్డపేలికలు ఉన్నాయా? ప్లాస్టిక్ ఇంజిన్ కవర్ ఉంటే తీసి చూడండి. ఎలుకలకు దాని కింద చోటంటే మహా ఇష్టం.

• ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి. చాలా కార్లలో క్లిప్పులే ఉంటాయి, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. లోపల గూడు ఉంటే ఇంజిన్‌కు గాలి అందదు.

• వైర్ల పై తొడుగు, రబ్బరు పైపులు ఎక్కడైనా కొరికి ఉన్నాయా? పెట్రోల్ పైపు మీద పంటి గాట్లు కనిపిస్తే అక్కడితో ఆపేయండి. టేప్ చుట్టి నడిపేద్దాం అనుకోవద్దు.

• వైపర్ల కింద జాలీలో ఆకులు పేరుకున్నాయా? అక్కడ వాన నీళ్లు బయటికి పోయే దారి ఉంటుంది. అది మూసుకుపోతే నీళ్లు క్యాబిన్‌లోకి దిగుతాయి. డోర్ తీయగానే ముక్కవాసన వస్తే కాళ్ల దగ్గర మ్యాట్ ఎత్తి చూడండి.

• ఇంజిన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ లెవెళ్లు చూడండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీళ్లు కలిసి ఉండొచ్చు. స్టార్ట్ చేయకండి.

చేయి పట్టని సందుల కోసం ఒక ట్రిక్. ఫోన్‌లో ఫ్లాష్ ఆన్ చేసి వీడియో మోడ్‌లో ఆ సందులోకి దింపి మెల్లగా తిప్పండి, తర్వాత వీడియో చూడండి. వెయ్యి రూపాయల లోపు దొరికే యూఎస్‌బీ ఎండోస్కోప్ కెమెరా ఉంటే ఇంకా మంచిది. సన్నటి వైరు చివర చిన్న కెమెరా, చుట్టూ ఎల్ఈడీలు ఉంటాయి. ఫోన్‌కు పెట్టుకుంటే చాలు.

గూడు కనిపిస్తే ఊదడం, పొడి గుడ్డతో దులపడం చేయొద్దు. ఎలుకల మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్, అదే మన ఊళ్లలో ఎలుక జ్వరం అంటారే, అది రావచ్చు. గ్లౌజులు, మాస్కు వేసుకుని, క్రిమిసంహారక మందు కలిపిన నీళ్లు చల్లి, తడిపి తీసేయండి. వైర్ల మీద మాత్రం నీళ్లు గుమ్మరించొద్దు.

ఒక ముఖ్యమైన మినహాయింపు: కారు ఉన్నచోటికి వరద నీరు వచ్చి, ఫ్లోర్ దాటి లోపలికి వెళ్లిందని అనుమానం ఉంటే ఈ స్టెప్పులేవీ వద్దు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు కార్లు కూడా మునిగాయి. అలాంటి బండికి సెల్ఫ్ కొట్టడమే పెద్ద తప్పు. సిలిండర్లోకి చేరిన నీటిని పిస్టన్ గాలిలా నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇగ్నిషన్ కూడా ఆన్ చేయకుండా టోయింగ్‌లో షెడ్డుకు పంపాలి.

స్టెప్ 2: బ్యాటరీ, అంకెల్లో

మూడు నాలుగు వందల రూపాయల మల్టీమీటర్ చాలు. నాబ్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర పిన్ను ప్లస్‌కు, నల్లది మైనస్‌కు ఆనించండి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఉజ్జాయింపు లెక్క ఇది:

12.6 లేదా పైన: ఫుల్.
12.4: ముప్పావు వంతు.
12.2: సగం.
12.0: పావు వంతు.
11.8 లేదా కింద: దాదాపు ఖాళీ.

మా బండి ఆ రోజు 6.8 చూపించింది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఇలా ఖాళీగా చాలా రోజులు ఉంటే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ స్ఫటికాలు గట్టిపడతాయి. ఇక ఎంత ఛార్జ్ పెట్టినా పాత సామర్థ్యం రాదు. ఫోన్ బ్యాటరీ హెల్త్ పడిపోయినట్టే, కాకపోతే ఇక్కడ శాతం చూపించే సెట్టింగ్స్ పేజీ ఉండదు.

12 కంటే తక్కువ ఉంటే బెస్ట్ దారి జంప్ స్టార్ట్ కాదు. బ్యాటరీని రాత్రంతా ఆటోమేటిక్ ఛార్జర్‌కు పెట్టడం. దగ్గర్లోని బ్యాటరీ షాపులో ఇచ్చినా చేస్తారు. కారు ఆల్టర్నేటర్ పని బ్యాటరీని నిండుగా ఉంచడం, చచ్చినదాన్ని బతికించడం కాదు. బ్యాటరీ పొట్ట ఉబ్బి ఉన్నా, పగిలి కారుతున్నా ఛార్జింగూ వద్దు, జంపూ వద్దు. మార్చేయండి.

అర్జెంటుగా జంప్ చేయాల్సి వస్తే, వరుస ఇదీ:

1. ఎర్ర కేబుల్ ఒక చివర చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు.
2. ఎర్ర కేబుల్ రెండో చివర మంచి బ్యాటరీ ప్లస్‌కు.
3. నల్ల కేబుల్ ఒక చివర మంచి బ్యాటరీ మైనస్‌కు.
4. నల్ల కేబుల్ రెండో చివర మీ కారు ఇంజిన్ మీద పెయింట్ లేని గట్టి ఇనుప భాగానికి. బ్యాటరీకి దూరంగా.

స్టార్ట్ అయ్యాక ఇదే వరుసను వెనక నుంచి విప్పాలి. నాలుగోది బ్యాటరీకి దూరంగా ఎందుకంటే, చివరి కనెక్షన్ దగ్గర నిప్పురవ్వ వస్తుంది. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతూ ఉండొచ్చు. ఆ రెండూ కలవకూడదు.

ఊళ్లో ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. 12 వోల్టుల ట్రాక్టర్‌తో జంప్ చేయొచ్చు. కానీ మామిడి లోడుకు వచ్చిన పెద్ద లారీ కనిపించింది కదా అని దాని నుంచి కేబుల్ లాగకండి. పెద్ద లారీలది 24 వోల్టుల సిస్టమ్. కారు ఎలక్ట్రానిక్స్ మొత్తం పోవచ్చు. ఏ బండి అయినా ముందు మల్టీమీటర్ పెట్టి చూసి తర్వాతే తగిలించండి.

పవర్ బ్యాంకులా ఉండే జంప్ స్టార్టర్ వాడుతుంటే ఇంకో మాట. బ్యాటరీ మరీ ఖాళీగా ఉంటే చాలా మోడళ్లు దాన్ని గుర్తించవు. అప్పుడు "బూస్ట్" బటన్ నొక్కమంటాయి. చాలావాటిలో ఆ బటన్ నొక్కితే ప్లస్, మైనస్ తారుమారైనప్పుడు కాపాడే ప్రొటెక్షన్ ఆగిపోతుంది. నొక్కే ముందు క్లిప్పులు రెండుసార్లు చూసుకోండి.

స్టెప్ 3: టైర్లు, పెట్రోల్

టైర్లు ఊరికే ఉన్నా గాలి నెలకు ఒకటి రెండు పీఎస్ఐ తగ్గుతుంది. ఏడు నెలల్లో 33 కాస్తా 20కి రావడం వింతేమీ కాదు. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది. గాలి తక్కువగా ఉన్నప్పుడే పంక్చర్ షాపు దాకా నడపొద్దు. టైరు పక్క గోడలు నలిగిపోతాయి. 12 వోల్టుల పోర్టబుల్ ఇన్‌ఫ్లేటర్ ఇక్కడ బాగా పనికొస్తుంది.

పక్క గోడ మీద పగుళ్లు చూడండి. అక్కడే నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. థ్రెడ్ కొత్తగా కనిపించినా రబ్బరు వయసు దాగదు. ఒకేచోట నిలబడి టైరు అడుగు చదునైతే మొదటి కొన్ని కిలోమీటర్లు స్టీరింగ్ వణుకుతుంది. వేడెక్కాక కూడా పోకపోతే టైరు షాపులో చూపించండి.

పెట్రోల్ విషయానికొస్తే, ఇప్పుడు మన బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. ట్యాంకు సగానికి పైగా ఖాళీగా ఉంటే లోపలి గాలిలోని తేమ ఇంధనంలోకి చేరే అవకాశం ఎక్కువ. నీరు బాగా చేరితే ఇథనాల్, నీళ్లు కలిసి అడుగుకు దిగిపోతాయి, పంపు లాగేది ముందు దాన్నే. రెండు మూడు నెలలైతే పెద్దగా భయం లేదు. ఆరు నెలలు దాటి, ట్యాంకులో కొంచెమే ఉంటే కొత్త పెట్రోల్ క్యాన్‌లో తెప్పించి కలపండి. మూత తీయగానే పుల్లటి, వార్నిష్ లాంటి వాసన వస్తే మెకానిక్‌తో పాత పెట్రోల్ తీయించడం మేలు.

స్టెప్ 4: ఇప్పుడు తాళం

షెడ్డు తలుపులు బార్లా తెరవండి. మూసిన చోట ఇంజిన్ నడిస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీస్తుంది.

బ్రేక్ పెడల్ నొక్కి చూడండి. గట్టిగా నిలబడాలి. మెత్తగా కిందికి దిగిపోతుంటే ఈ రోజుకు ప్రయాణం లేనట్టే.

ఏసీ, లైట్లు, మ్యూజిక్ అన్నీ ఆఫ్. గేర్ న్యూట్రల్‌లో. తాళం "ఆన్" దాకా మాత్రమే తిప్పి ఐదు సెకన్లు ఆగండి, ఆఫ్ చేయండి. ఇలా రెండు మూడు సార్లు. దీంతో పెట్రోల్ పంపు లైనులో ప్రెషర్ నింపుతుంది. ఇప్పుడు దిగి, బానెట్ దగ్గర, వెనక ట్యాంకు దగ్గర వాసన చూడండి. కింద చుక్కలు పడుతున్నాయేమో చూడండి. ఎలుక కొరికిన పైపు ఉంటే ప్రెషర్ ఎక్కిన ఈ నిమిషంలోనే బయటపడే అవకాశం ఎక్కువ. ఏ యాప్‌లోనూ లేని టెస్ట్ ఇది, ఖర్చు సున్నా.

వాసన లేకపోతే సెల్ఫ్ కొట్టండి. ఒక్కోసారి ఐదారు సెకన్లకు మించొద్దు. మధ్యలో అర నిమిషం గ్యాప్ ఇవ్వండి, లేకపోతే స్టార్టర్ మోటారు వేడెక్కుతుంది. నాలుగైదు ప్రయత్నాలకు రాకపోతే ఆపేయండి. తోసి స్టార్ట్ చేద్దాం అనే పాత ఐడియా ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లకు సరిపడదు. బ్యాటరీ పూర్తిగా చస్తే ఈసీయూ, పంపు కూడా పనిచేయవు. ఆటోమేటిక్ అయితే అసలు కుదరదు.

ఇంజిన్ అందుకున్నాక యాక్సిలరేటర్ తొక్కి రేజ్ చేయకండి. నెలల తరబడి ఆగిన ఇంజిన్‌లో ఆయిల్ మొత్తం కిందికి దిగిపోయి ఉంటుంది. అది మళ్లీ పైభాగాలకు చేరేదాకా ఇనుము మీద ఇనుము పొడిగా రాసుకుంటుంది. డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ లైట్ కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఇంజిన్ ఆపండి. నేను అయితే పెడల్ మీద కాలు తీసేసి ఆ లైటు వంకే చూస్తూ కూర్చుంటా.

యాప్ పని ఇప్పుడు మొదలవుతుంది. డాంగుల్ పెట్టి వోల్టేజ్ చూడండి. ఇంజిన్ నడుస్తుండగా సాధారణంగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. కొన్ని కొత్త కార్లలో ఆల్టర్నేటర్ అవసరాన్ని బట్టి ఇది అటూఇటూ అవుతుంది. 12 దగ్గరే ఆగిపోతే ఛార్జింగ్ జరగడం లేదు. కూలెంట్ వేడి నెమ్మదిగా ఎక్కి ఒకచోట నిలబడుతోందా చూడండి. పీ0562 అనే కోడ్ వస్తే సిస్టమ్ వోల్టేజ్ తక్కువని అర్థం, చచ్చిన బ్యాటరీ తర్వాత అది మామూలే. క్లియర్ చేసి, మళ్లీ వస్తుందా అని గమనించండి.

స్టెప్ 5: మొదటి 2 కిలోమీటర్లు ఒంటరిగా

మొదటి రౌండుకు ఇంట్లో వాళ్లను ఎక్కించుకోకండి. నేను చేసిన అసలు తప్పు అదే.

బండి కదలకుండా పట్టేసినట్టు ఉంటే హ్యాండ్ బ్రేక్ షూలు వెనక డ్రమ్ములకు తుప్పుతో అతుక్కుని ఉండొచ్చు. మెల్లగా ముందుకు, రివర్స్‌లో కొంచెం ఆడిస్తే చాలాసార్లు టక్కుమని వదులుతాయి. రాకపోతే బలవంతం వద్దు, చక్రం విప్పాల్సిందే.

కదిలాక 20 కిలోమీటర్ల వేగంలో, ఖాళీ రోడ్డు మీద నాలుగైదు సార్లు బ్రేక్ వేయండి. డిస్కుల మీది తుప్పు రాసుకుని గర్రుమన్న శబ్దం మొదట్లో వస్తుంది, కొన్ని బ్రేకులకే పోతుంది. పోకపోతే, లేదా కారు ఒక పక్కకు లాగితే షెడ్డుకే. రెండు కిలోమీటర్లయ్యాక ఆపి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి తాకించకుండా వేడి చూడండి. ఒకటి మాత్రం కాలుతుంటే అక్కడ బ్రేక్ పట్టేసి ఉంది. బానెట్ తీసి ఇంకోసారి వాసన చూడండి.

పొగ వస్తే ఏం చేయాలో ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. పక్కకు ఆపడం, ఇంజిన్ ఆఫ్, అందరూ దిగి దూరంగా వెళ్లడం. బానెట్ ఒక్కసారిగా ఎత్తొద్దు, గాలి తగిలితే మంట లేస్తుంది. మంట కనిపిస్తే 101కి ఫోన్ చేయండి, వస్తువుల కోసం వెనక్కి వెళ్లొద్దు.

రోడ్డెక్కే ముందు ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ తేదీలు కూడా చూసుకోండి. ఎంపరివాహన్ యాప్‌లో రెండు నిమిషాల పని. షెడ్డులో నిద్రపోయిన కారుకు అవి కూడా నిద్రలోనే ఎక్స్‌పైర్ అవుతాయి.

ఏ గ్యాడ్జెట్ కొనాలి?

నా ఆర్డర్ ఇదీ: మొదట మంచి టార్చి, ఎండోస్కోప్ కెమెరా. తర్వాత మల్టీమీటర్, ఇన్‌ఫ్లేటర్. ఇంట్లో ప్లగ్ పాయింట్ దగ్గర్లో ఉంటే బ్యాటరీ మెయింటెయినర్. జంప్ స్టార్టర్ ఆ తర్వాత. ఓబీడీ డాంగుల్ చివర, అదీ పని అవగానే పోర్టులోంచి పీకేస్తానని మాటిస్తేనే.

మళ్లీ పార్క్ చేసేటప్పుడు

ట్యాంకు నింపండి. టైర్లలో రెండు మూడు పీఎస్ఐ ఎక్కువ పెట్టండి, కానీ టైరు మీద రాసిన గరిష్ఠం దాటకండి. హ్యాండ్ బ్రేక్ వేయకుండా, గేరులో ఉంచి చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టండి. పోర్టుల్లో ఉన్నవన్నీ పీకండి. నెలకు మించి ఆపితే బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పేయండి. మ్యూజిక్ సిస్టమ్‌కు కోడ్ ఉంటే ముందే రాసి పెట్టుకోండి. షెడ్డులో వరిగడ్డి, ధాన్యం బస్తాలు కారుకు దూరంగా జరపండి.

"వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే చాలు" అని చాలామంది చెబుతారు. చాలదు. స్టార్ట్ చేయడానికి ఖర్చయిన ఛార్జ్ ఐదు నిమిషాల్లో సరిగ్గా తిరిగి ఎక్కదు, ఎగ్జాస్ట్‌లో నీటి ఆవిరి మాత్రం మిగులుతుంది. రెండు వారాలకోసారి నడపగలిగిన వాళ్లెవరైనా అరగంట తిప్పడం దానికంటే చాలా మేలు.

ఈ సంక్రాంతికి ఇవన్నీ చేశాను. టెర్మినల్ విప్పి వెళ్లినందుకు బ్యాటరీ 12.3 చూపించింది. ఎండోస్కోప్‌లో మళ్లీ గూడు కనిపించింది, ఈసారి ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో. శుభ్రం చేసి, ఒక్కడినే రౌండు వేసి ఇంటి ముందు ఆపాను. నానమ్మ చేతికర్ర పట్టుకుని వచ్చి డోర్ దగ్గర నిలబడింది కానీ ఎక్కలేదు.

"ముందు బానెట్ ఎత్తి చూపించరా" అంది.

చూపించాకే ఎక్కింది.